సముద్రం అవతలి సంఘంతో చెలిమి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చెన్నైలోని తెలుగు క్రైస్తవ సంఘాలలో ఒకటి, ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావి దేశంలో ఒక పల్లె సంఘంతో భాగస్వామ్యం కుదుర్చుకోవాలని ఆలోచిస్తున్నదని రెండు నెలల క్రితం ఈ శీర్షికలో ప్రస్తావించాను. విదేశాల నుండి సహాయం అందుకోవడమే తప్ప పంపడం అలవాటు లేని మనకు ఆ మాట కొత్తగా తోచినట్టుంది. ఈమధ్య మరే విషయం మీదా ఇన్ని ఉత్తరాలు రాలేదు. సమర్థించినవారు ఉన్నారు, కోప్పడినవారు ఉన్నారు, తమ గాయాన్ని చెప్పుకున్నవారు కూడా ఉన్నారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

ప్రశ్న: మా సంఘంలో సగానికి పైగా కుటుంబాలు పారిశుద్ధ్య పనివారివే. మా తాతలు నెల్లూరు, ఒంగోలు పల్లెల నుండి వచ్చి ఇక్కడ ఈ పనిలో కుదిరారు. ఇప్పటికీ కాంట్రాక్టు కూలి మీద బతికే ఇళ్ళు, పిల్లల ఫీజుకు చేబదులు తెచ్చుకునే ఇళ్ళు మాలో ఉన్నాయి. ఇటువంటి సంఘం ఆఫ్రికాకు డబ్బు పంపడం, ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టు కాదా?
— స్త్రీల సమాజం కార్యదర్శి, పెరంబూరు

సమాధానం: అమ్మా, మీ మాటలో న్యాయం ఉంది. తన పక్క బెంచీలో కూర్చున్నవారి ఆకలి తెలియని సంఘానికి వేల మైళ్ళ అవతలి ఆకలి తెలుస్తుందని నేను నమ్మను. ఫీజు కట్టలేని పిల్లవాడి పేరు, మందులు కొనుక్కోలేని ముసలమ్మ పేరు మీ పెద్దల దగ్గర రాసి ఉండాలి. వారి కోసం విడిగా ఒక నిధి ఉండాలి. అందులో నుండి ఒక్క రూపాయి కూడా మలావికి పోకూడదు. ఇది జరగని చోట భాగస్వామ్యం మొదలుపెట్టవద్దని నేను గట్టిగానే చెబుతాను.

అయితే మనం పేదలం కనుక ఇవ్వవలసినవారం కాము అన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. మీ తాతలు వచ్చిన ఆ పల్లెల కథే దానికి అడ్డు వస్తుంది. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు ఒంగోలు ప్రాంతాన్ని రెండేళ్ళకు పైగా పీల్చి పిప్పి చేసింది. అప్పుడు అమెరికా బాప్టిస్టు మిషను తరపున ఒంగోలులో ఉన్న జాన్ ఎవరెట్ క్లౌ దొర, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో దాదాపు మూడు మైళ్ళ ముక్కను ప్రభుత్వం నుండి గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలాదిమందికి మట్టిపని చూపించి కూలి ఇప్పించారు. మైలాపూరు దగ్గర ఎత్తైన రైలుమార్గపు స్తంభాల కింద మీరు రోజూ చూసే నల్లని నీటి కాలువ అదే కాలువ. ఆ పనులు సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపివేశారు. కూలి కోసం మతంలో కలిశారన్న నింద ఎవరి మీదా పడకూడదన్నది ఆయన పట్టుదల. కరువు తగ్గిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మన ప్రసంగాలలో తరచుగా వింటాం. దానికి ముందు నడిచిన ఆ ఆగుదలను గురించి అంతగా వినం. నాకు మాత్రం సంఖ్య కంటే ఆ ఆగుదలే పెద్దదిగా కనిపిస్తుంది.

తరువాత జరిగినది ఇంకా ముఖ్యం. ఆ కరువు ముగిసిన పాతికేళ్ళకు, 1903లో, తెలుగు బాప్టిస్టు సంఘాలు నడుపుకుంటున్న హోం మిషనరీ సమాజం జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాలుకు పంపింది. 1860 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటలకు, తేయాకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తెలుగువారు అక్కడ కాపరి, అంటే పాస్టరు, లేకుండా ఉన్నారు. రంగయ్య గారు కియర్స్‌నీ తోటల దగ్గర వారికి సంఘం కట్టారు. ఆ ప్రయాణానికి కానుక వేసినవారు ధనవంతులు కారు. కరువులో మట్టి మోసినవారు, వారి పిల్లలు. సముద్రం అవతలివారికి మన సంఘాలు చేయి అందించడం కొత్త సంగతి కాదని, నూటపాతికేళ్ళ కిందటే మన పేదలు ఆ పని చేశారని మీ సమాజంలో చెప్పండి. యెరూషలేములోని బీదల కోసం అపొస్తలుడైన పౌలు చందా పోగుచేసినప్పుడు తమ శక్తికి మించి ఇచ్చినవారు మాసిదోనియ సంఘాలవారని, వారు కటిక పేదరికంలో ఉండి ఇచ్చారని కూడా మీకు తెలియనిది కాదు.

నా చిన్నతనంలో మా అమ్మ సోలతో బియ్యం కొలిచి చేటలో పోసుకున్న తరువాత, ఎసట్లో వేసేముందు, అందులో నుండి ఒక పిడికెడు తీసి పొయ్యి వెనుక ఉన్న మట్టి ముంతలో వేసేది. ఆ రోజు బియ్యం తక్కువైనా సరే, పిడికిలి చిన్నదయ్యేది కానీ ముంత దాటిపోయేది కాదు. శనివారం సాయంత్రం ఆ ముంతను గుడి దగ్గర గోనెలో ఒంపి వచ్చేవాణ్ణి నేను. ఆ బియ్యం ఎవరింటికి పోయిందో మాకు చెప్పేవారు కారు, మేము అడిగేవాళ్ళమూ కాదు. ఒక ఏడాది మా నాన్న మంచాన పడినప్పుడు అదే గోనె నుండి మా ఇంటికి బియ్యం వచ్చాయి. ఇచ్చే ఇల్లు, పుచ్చుకునే ఇల్లు అని ఊళ్ళో రెండు రకాల ఇళ్ళు ఉండవని అప్పుడే తెలిసింది.

కాబట్టి నా సలహా ఒక్కటే. మలావి విషయం చూసే కమిటీలో ఇంజనీర్లను, బ్యాంకు ఉద్యోగులను మాత్రమే కూర్చోబెట్టవద్దు. అందులో సగంమంది పారిశుద్ధ్య పనివారి కుటుంబాల నుండి ఉండాలి. పేదరికం గురించి అవతలివారు చెప్పే మాటను అనువాదం లేకుండా అర్థం చేసుకోగలిగినవారు వారే.

ప్రశ్న: మాది రిజిస్టరైన ట్రస్టు. విదేశీ సంఘానికి డబ్బు పంపాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి కావాలని ఒకరు, అక్కరలేదని మరొకరు అంటున్నారు. ఎవరైనా ప్రయాణమై వెళ్ళేవారి చేతికి ఇచ్చి పంపితే సరిపోతుందని ఇంకొకరి సలహా. ఏది సరైన దారి?
— సంఘ కోశాధికారి, అంబత్తూరు

సమాధానం: మూడవ సలహాను ముందే పక్కన పెట్టండి. చేతికిచ్చి పంపిన డబ్బుకు ఇటు లెక్క ఉండదు, అటు రసీదు ఉండదు. ఇద్దరు నిజాయితీపరుల మధ్య కూడా అది అనుమానానికి విత్తనం వేస్తుంది.

ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, విదేశాల నుండి మనకు వచ్చే డబ్బును గురించినది. 1976లో వచ్చిన ఆ చట్టం స్థానంలో 2010లో కొత్తది వచ్చింది, 2020లో అది మరింత బిగిసింది. ఆ సవరణ తరువాత, విదేశీ విరాళంగా వచ్చిన సొమ్మును అందుకున్న సంస్థ మరొక సంస్థకు బదిలీ చేయడానికి వీలు లేదు. కనుక మీకు అమెరికా నుండో జర్మనీ నుండో వచ్చిన డబ్బు ఏదైనా ఉంటే, దానిని మలావికి మళ్ళించే ఆలోచన మనసులోకి కూడా రానివ్వవద్దు.

మన డబ్బు బయటకు పోవడం విదేశీ మారకద్రవ్య చట్టం కిందికి వస్తుంది. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం ప్రకారం, దేశంలో నివసించే ఒక వ్యక్తి తన సొంత డబ్బులో నుండి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు బ్యాంకు ద్వారా పంపవచ్చు. బహుమతి, విరాళం కూడా అందులో ఒప్పుకున్న కారణాలే. అయితే ఈ వెసులుబాటు వ్యక్తులకే. ట్రస్టులకు, కంపెనీలకు వర్తించదు. పైగా పన్ను మినహాయింపు పొందిన ధార్మిక ట్రస్టు తన ఆదాయాన్ని భారతదేశంలోనే ఖర్చుపెట్టాలన్నది సాధారణ నియమం. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తేనే దేశం బయట పెట్టిన ఖర్చుకు మినహాయింపు నిలుస్తుంది. అంటే మీ ట్రస్టు ఖాతా నుండి నేరుగా పంపడం చిక్కులతో కూడుకున్నది. సభ్యులు ఎవరికి వారు తమ బ్యాంకు ద్వారా, పాన్ సంఖ్య ఇచ్చి, కారణం ఉన్నది ఉన్నట్టు రాసి పంపడం తేలికైన దారి. పదిమంది సొమ్మును ఒకరి ఖాతాలో పోగుచేసి పంపేముందు మాత్రం చార్టర్డ్ అకౌంటెంటును తప్పక అడగండి.

అవతలివైపు సంగతి కూడా అంతే ముఖ్యం. డబ్బు పాస్టరు గారి సొంత ఖాతాకు కాక సంఘం పేరున ఉన్న ఖాతాకు, ఇద్దరి సంతకంతో నడిచే ఖాతాకు చేరాలి. ఇలా అడగడం ఆయనను అనుమానించడం అవుతుందని మొహమాటపడకండి. పౌలు అంతటివాడే చందా మొత్తాన్ని ఒంటరిగా మోసుకుపోకుండా, తన మీద ఎవరూ తప్పు మోపకూడదని, సంఘాలు ఏర్పరచిన సోదరులను వెంట తీసుకువెళ్ళాడు.

ఇంకొక మాట. సంవత్సరం మొత్తానికి సరిపడే డబ్బు ఒకేసారి పంపవద్దు. 2023 నవంబరులో మలావి తన నాణెం క్వాచా విలువను ఒక్కసారిగా తగ్గించింది. అంతకుముందు డాలరుకు సుమారు 1,180 క్వాచాలు ఉండగా, రాత్రికి రాత్రి అది 1,700కు చేరింది. బయటి దేశాల నుండి వచ్చే ఎరువుల మీద మొక్కజొన్న పండించే పల్లెకు ఆ మార్పు ఎంత భారమో ఊహించండి. ఒప్పందం రాసుకునేటప్పుడు ఇన్ని క్వాచాలు అని కాక, ఇన్ని బస్తాల ఎరువు, ఇంతమంది పిల్లల పుస్తకాలు అని రాసుకుంటే లెక్క నిలకడగా ఉంటుంది.

ప్రశ్న: మేము కొందరం పెద్దలం కలిసి అక్కడ ఒక బోరు వేయించి, చేతిపంపు పెట్టించి, మా సంఘం పేరుతో శిలాఫలకం వేయించాలనుకుంటున్నాము. ఇంతకంటే శాశ్వతమైన సహాయం ఏముంటుంది?
— సంఘ పెద్ద, ఆవడి

సమాధానం: పంపు అంత త్వరగా పాడయ్యేది మరొకటి లేదని మన దేశపు అనుభవమే చెబుతుంది. 1960లలో, 1970లలో కరువు జిల్లాల్లో వేలకొద్దీ బోర్లు వేసి పోత ఇనుప పంపులు బిగించారు. అవి ఒక్క ఇంటి పెరట్లో రోజుకు నాలుగు బిందెలు తోడుకోవడానికి తగిన నమూనాలు. ఊరంతా పొద్దుటి నుండి రాత్రి దాకా కొడితే నిలిచేవి కావు. 1970ల మధ్యలో చూసేసరికి నాలుగింట మూడు వంతులు మూలపడి ఉన్నాయి. ఈ లోపం ఎక్కడుందో ముందు పట్టుకున్నవారిలో మహారాష్ట్రలోని జాల్నా, షోలాపూరుల దగ్గర నీటి పనులు చేస్తున్న క్రైస్తవ మిషన్ల పనివారు ఉన్నారు. వారు పోత ఇనుమును వదిలి అతుకు వేసిన ఉక్కుతో పంపు చేశారు. దానిని ఆధారంగా చేసుకుని యూనిసెఫ్ సహకారంతో తయారైన ఇండియా మార్క్ టూ పంపును మొదట పెద్ద ఎత్తున చేసినది ఇక్కడే, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారంలో. మనం చిన్నప్పుడు బడి ఆవరణలో వేలాడి కొట్టిన పంపు అదే. తరువాత అది ఆఫ్రికా దేశాలకూ వెళ్ళింది.

ఆ కథలో మీకు పనికివచ్చే భాగం ఇది. పంపును బాగుచేసినవారు దానిని బిగించి వెళ్ళిపోయినవారు కారు. అది విరిగినప్పుడల్లా అక్కడే ఉండి చూసినవారు. మలావి పల్లెల్లో ఎక్కువగా కనిపించే ఆఫ్రిదేవ్ పంపు 1980లలో మలావి, కెన్యాలలో రూపుదిద్దుకుంది. ఊరి స్త్రీలే పైకి తీసి వాషర్లు మార్చుకునేలా దానిని ఉద్దేశపూర్వకంగా చేశారు. కనుక ఏ పంపు మంచిదో ఆవడిలో కూర్చుని నిర్ణయించవద్దు. వారికి నీరే ముందు అవసరమా అన్నది కూడా వారినే చెప్పనివ్వండి. నీరే అని వారు చెబితే, బోరు ఖర్చుతో పాటు ఇద్దరు స్త్రీలకు మరమ్మతు పని నేర్పించే ఖర్చు, విడిభాగాల కోసం ఊరు నెలనెలా వేసుకునే చందా, వీటిని ముందే మాట్లాడుకోండి. ఊరివారి చందా లేకుండా బోరు వేయవద్దు. అది ఎంత చిన్న మొత్తమైనా సరే, తమ డబ్బు పడిన పంపును ఊరు తనదిగా చూసుకుంటుంది.

శిలాఫలకం వద్దు. పంపు ఆగిపోయిన రోజున దాని పక్కన మీ పేరు నిలిచి ఉండడం మీకే బాధగా ఉంటుంది.

ప్రశ్న: మా యవ్వనస్థుల బృందంలో ఎక్కువమంది పాత మహాబలిపురం రోడ్డు కంపెనీలలో పనిచేస్తున్నాం. సెలవు పెట్టి పదిహేనుమందిమి పది రోజులు మలావి వెళ్ళి, వారి బడికి గోడలు కట్టి రంగులు వేసి రావాలని ఉత్సాహంగా ఉన్నాం. జనవరిలో వెళ్ళవచ్చా?
— షోళింగనల్లూరు

సమాధానం: మీ ఉత్సాహం తగ్గించడం నాకు ఇష్టం లేదు, కానీ జనవరి మాత్రం వద్దు. మలావిలో వర్షాకాలం ఒక్కటే. పంట ఏప్రిల్, మే నెలల్లో చేతికి వస్తుంది. జనవరి నుండి మార్చి దాకా గాదెలు ఖాళీగా ఉండే నెలలు, మన పెద్దలు చెప్పుకునే కొరత రోజులు. ఆ రోజుల్లో పదిహేనుమంది అతిథులు దిగితే, ఉన్న ఒక్క కోడిని కోసి పెట్టకుండా ఏ తల్లీ ఉండదు. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను బ్లాంటైర్ చుట్టుపక్కల కొండవాలు ఇళ్ళను బురదలో పూడ్చివేసి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాది అనావృష్టితో మొక్కజొన్న ఎండిపోయి, ప్రభుత్వం విపత్తు ప్రకటించింది. అటువంటి ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళేవారు రోజులు చూసుకుని వెళ్ళాలి.

గోడ సంగతి. మీలో తాపీ పట్టినవారు ఎందరు? అక్కడ మేస్త్రీలు ఉన్నారు, వారికి పని కావాలి. మీ పదిహేనుమంది విమాన టిక్కెట్ల ఖర్చుతో వారే కట్టుకోగలరు, కూలి ఊళ్ళోనే మిగులుతుంది. మీరు వెళ్ళవద్దని కాదు. పదిహేనుమందికి బదులు ముగ్గురు వెళ్ళండి, పంట ఇంటికి వచ్చిన తరువాత వెళ్ళండి, హోటలులో కాక వారి ఇళ్ళలో ఉండండి. వారు తినే న్సీమా మన సంకటికి దగ్గరి చుట్టమే. మొక్కజొన్న పిండిని మరుగుతున్న నీళ్ళలో కెలికి, ముద్ద చేసి, ఆకుకూరతో చేత్తో తింటారు. రాయలసీమ ఇల్లు ఎరిగినవారికి ఆ పళ్ళెం ముందు కొత్త అనిపించదు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య గారు మాట్లాడారు. తిరునెల్వేలి తమిళుడైన ఆయన, తిరునెల్వేలి క్రైస్తవులు తమ చందాలతో నడుపుకున్న సమాజం తరపున దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడి బిషప్ అయ్యారు. మీరు మీ ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అని ఆయన ఆ సభలో అన్నారు. మన దేశంలో ఏళ్ళ తరబడి పనిచేసి కూడా ఒక్క భారతీయుణ్ణి తమ భోజనపు బల్ల దగ్గరకు పిలవని మిషనరీలు ఉన్నారన్న బాధతో అన్న మాట అది. అప్పుడు అడిగినవారం మనం. ఇప్పుడు ఆ మాట మన వైపు తిరిగింది.

ప్రశ్న: నేను ఒక పల్లెలో మిషను హాస్టలులో ఉండి చదువుకున్నాను. సముద్రాల అవతలి ఒక కుటుంబం నా చదువుకు డబ్బు పంపేదని చెప్పేవారు. ఏటా మంచి బట్టలు విప్పించి పాత గౌను వేయించి ఫోటో తీసేవారు, బోర్డు మీద రాసిన ఉత్తరాన్ని చూసి రాయించేవారు. పదో తరగతి మధ్యలో ఒకరోజు డబ్బు ఆగిపోయిందన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నా తప్పేమిటా అని చాలాకాలం ఏడ్చాను. ఇప్పుడు మా సంఘం కూడా ఫోటోలు పెట్టి ఒక్కొక్క పిల్లను ఒక్కొక్క కుటుంబానికి అప్పగిస్తామంటోంది. నాకు మనసు ఒప్పడం లేదు.
— ఒక సోదరి, సాలిగ్రామం

సమాధానం: తల్లీ, మీ తప్పు ఏమీ లేదు. ఈ మాట మీకు ముప్పై ఏళ్ళ కిందటే ఎవరో ఒకరు చెప్పి ఉండవలసింది. చెప్పనందుకు ఆ రోజుల్లో ఇటువంటి హాస్టళ్ళ వ్యవహారాలలో కూర్చున్న పెద్దలలో ఒకడిగా నేను మీకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

నేనూ బోర్డింగు అన్నం తిన్నవాణ్ణే. మా వంటశాలలో విదేశీ సహాయంగా వచ్చిన గోధుమ నూక బస్తాలు ఉండేవి. వాటి మీద కరచాలనం చేస్తున్న రెండు చేతుల బొమ్మ ముద్రించి ఉండేది. ఖాళీ బస్తాను ఉతికి, దర్జీ చేత నిక్కరు కుట్టించుకున్న కుర్రవాడు మా తరగతిలో ఉండేవాడు. ఆ రెండు చేతులు సరిగ్గా వాడి వెనుక భాగాన వచ్చాయి. మిగతా పిల్లలు నవ్వితే వాడు గోడకు ఆనుకుని నిలబడేవాడు, బెంచీ మీద నుండి లేచేవాడు కాదు. ఆ నూక మా ఆకలి తీర్చింది, దానికి నేను ఈనాటికీ కృతజ్ఞుణ్ణి. అయినా గోడకు ఆనుకున్న ఆ పిల్లవాడు నా కళ్ళ ముందు నుండి పోలేదు. పంపినవారు ఆ బొమ్మను స్నేహానికి గుర్తుగానే వేసి ఉంటారు.

ఒక పిల్లను ఒక దాతతో ముడిపెట్టే పద్ధతిలో డబ్బు త్వరగా వస్తుంది. ముఖం చూసినవారి మనసు కరుగుతుంది. కానీ అదే ముడి తెగినప్పుడు పిల్ల ఒంటరిగా పడిపోతుంది. తెగడానికి కారణం పిల్లలోను, దాతలోను లేకపోవచ్చు. ఈ పద్ధతిలో ప్రపంచమంతటా పనిచేసే కంపాషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థకు, మన హోం మంత్రిత్వ శాఖ ముందస్తు అనుమతి నిబంధన విధించిన తరువాత, 2017 మార్చిలో భారతదేశంలో పని మూసివేయవలసి వచ్చింది. లక్షా నలభై వేలకు పైగా పిల్లల సహాయం అప్పుడు ఆగిపోయింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు ఇక్కడ చర్చించను. ఒక దేశం మీద ఆధారపడిన పిల్లవాడి మధ్యాహ్న భోజనం మరొక దేశపు ఒక్క ఉత్తర్వుతో ఆగగలదన్నది మాత్రం మనం మరచిపోకూడదు. మలావి పిల్లల విషయంలో ఆ ఉత్తర్వు రేపు ఢిల్లీ నుండి రావచ్చు, మలావి రాజధాని లిలాంగ్వే నుండి రావచ్చు, మన సంఘంలో వచ్చిన చీలిక నుండి కూడా రావచ్చు.

అందుకని మీ పెద్దలతో ఈ మాటలు చెప్పండి. సహాయం పిల్లకు కాక బడికి లేదా సంఘానికి అందాలి. ఏ పిల్లకు ఎంత అవసరమో అక్కడి ఉపాధ్యాయులు, తల్లులు నిర్ణయించుకోవాలి. ఎన్నేళ్ళు ఇస్తామో, ఏ ఏడు నుండి తగ్గిస్తామో మొదటి రోజునే రాసి ఇవ్వాలి. ఆపవలసి వస్తే కనీసం ఒక విద్యా సంవత్సరం ముందు, కారణంతో సహా తెలియజేయాలి. ఫోటో తీస్తే పిల్ల తనకు ఇష్టమైన బట్టల్లో, తల్లి అనుమతితో తీయాలి. కృతజ్ఞత ఉత్తరం ఎవరి చేతా రాయించకూడదు. ఇవి మీరే సంఘంలో నిలబడి చెబితే నాకంటే మీ మాటకు బరువు ఎక్కువ. మీకు ఇష్టమైతేనే సుమా.

ప్రశ్న: ఇంట్లో వాడని చీరలు, పిల్లల బట్టలు చాలా ఉన్నాయి. పెట్టెలో సర్ది పంపితే వారికి ఉపయోగమే కదా?
— టీ నగర్

సమాధానం: పంపవద్దమ్మా. మలావి సంతల్లో కౌంజికా అని పిలిచే పాత బట్టలు ధనిక దేశాల నుండి బేళ్ళకొద్దీ వచ్చి పడుతున్నాయి. వాటిని అమ్ముకుని బతికేవారు అక్కడ ఉన్నారు, వాటివల్ల గిరాకీ తగ్గిన దర్జీలూ ఉన్నారు. మీ పెట్టె పంపే ఖర్చుతో అక్కడి దర్జీ చేత బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టించవచ్చు. మీ దగ్గరున్న మంచి బట్టలు మన వీధిలో అవసరమైనవారికి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టి ఇవ్వండి.

ప్రశ్న: మలావి పాస్టరు గారు ఫోనులో మాట్లాడుతూ, మీకు మేము ఏమి చేయగలము అని అడిగారు. ఆయనను ఇబ్బంది పెట్టడం ఎందుకని, మాకేమీ అక్కరలేదు, మీ ప్రార్థనలు చాలు అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. నేను తప్పు మాట్లాడానా?
— సంఘ కాపరి, చెన్నై

సమాధానం: అయ్యా, మర్యాదగా అన్నారు కానీ ఆ మాటతో తలుపు మూసుకుపోయింది. మాకేమీ అక్కరలేదు అన్నవారికి ఎవరూ స్నేహితులు కాలేరు. అక్కరలేనివారి దగ్గర నుండి పుచ్చుకునేవారు ఎప్పటికీ చేయి కిందపెట్టి ఉండవలసిందే.

పైగా అది నిజం కూడా కాదు. మీ సంఘంలో మురుగు కాలువల పని చేసే సోదరులు ఉన్నారు. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను మ్యాన్‌హోలులోకి దింపడం 2013 చట్టం నిషేధించినా, ఆ గుంతల్లో చనిపోయినవారి లెక్కలో తమిళనాడు పేరు మొదటి వరుసలోనే ఉంటూ వచ్చింది. ఈ సంగతి ఆయనకు చెప్పండి, వారి పేర్లు చెప్పి ప్రార్థించమని అడగండి. మీ ప్రార్థనలు చాలు అనడం వేరు, ఇతని కోసం ఈ వారం ప్రార్థించండి అని అడగడం వేరు.

మనం నేర్చుకోవలసినది కూడా వారి దగ్గర ఉంది. మలావి పల్లెల్లో స్త్రీలు నడుపుకునే పొదుపు గుంపులను బ్యాంకి న్‌ఖోండే అంటారు, అంటే వరండా మీది బ్యాంకు అని అర్థం. వారం వారం ఒకరి అరుగు మీద చేరి, అందరి కళ్ళ ముందు డబ్బు లెక్కపెట్టి, అవసరమైనవారికి అప్పు ఇచ్చి, ఏడాది చివర వడ్డీతో సహా పంచుకుంటారు. మన డ్వాక్రా సంఘాలకు, చీటీలకు అది తోబుట్టువు వంటిది. మీ సంఘంలో చీటీ పాటలో మోసపోయి వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కిన స్త్రీలు ఉన్నారని మీరే ఒకసారి నాతో అన్నారు. అక్కడి స్త్రీలు తమ పెట్టెకు ఎన్ని తాళాలు వేస్తారో, తాళం చెవులు ఎవరెవరి దగ్గర ఉంచుతారో మన స్త్రీలకు చెప్పమని అడగండి. పెరంబూరు సోదరి లాంటివారు ఇద్దరు ముగ్గురు ఆ ఫోను దగ్గర కూర్చుంటే ఇంకా మంచిది.

ఈ వారమే ఆయనకు మళ్ళీ ఫోను చేయండి. మొన్న తొందరపడి అలా అన్నానని చెప్పండి. అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. మన ఆదివారం ఆరాధన మధ్యాహ్నం పన్నెండుకు ముగిసేసరికి అక్కడ ఎనిమిదిన్నర, ఆయన ఇంకా గుడికి బయలుదేరే వేళ. ఆ సమయానికి చేస్తే మీరు చెప్పిన పేర్లు ఆయన ఆ రోజు ప్రార్థనలోనే చదువుతారు.